ఆకు టీ కొనే ముందు: నీలగిరి, దార్జిలింగ్, అస్సాంలలో మీ కప్పుకు ఏది నప్పుతుంది?

మంచి ఆకు టీ ఏదో చెప్పమని ఎవరైనా అడిగితే నేను ముందుగా ఒక్కటే అడుగుతాను: పాలు పోసుకుంటారా, పోసుకోరా? చాలామంది ఈ సంగతి తేల్చుకోకుండానే పేరున్న తోట వైపు, ఖరీదైన డబ్బా వైపు వెళ్తారు. దార్జిలింగ్ తొలి కోత ఆకు తెచ్చి, అల్లం దంచి వేసి, చిక్కటి పాలలో పొంగు వచ్చేదాకా మరిగిస్తారు. అంత డబ్బు పెట్టి కొన్న సువాసన ఆవిరితో పాటు వంటింటి కిటికీలోంచి వెళ్లిపోతుంది. కప్పులో రంగు చాలని పాలు మిగులుతాయి. ఆ తర్వాత “ఆకు టీలో ఏముందండీ, మామూలు పొడే నయం” అని తేల్చేస్తారు. పాపం, ఆకు చేసిన తప్పేమీ లేదు. అది పాల కోసం తయారైన ఆకు కానే కాదు.

తెలుగు ఇళ్లలో, హోటళ్లలో ఎక్కువగా కనిపించేది డస్ట్ టీ, సీటీసీ గుళికల టీ. 1930 ప్రాంతంలో అస్సాంలో విలియం మెక్‌కెర్చర్ రూపొందించిన యంత్రంతో సీటీసీ మొదలైంది. పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చీల్చి, చిన్న గుళికలుగా చుట్టేస్తారు. ఆకు కణాలన్నీ ఒక్కసారిగా చితికిపోతాయి కాబట్టి గాలి తగిలి త్వరగా నల్లబడుతుంది. వేడి నీళ్లలో పడగానే రంగు, ఘాటు గబగబా దిగుతాయి. పాలూ చక్కెరా ఎంత పోసినా తట్టుకునే బలం దానికి అక్కడినుంచే వచ్చింది. దేశంలో తయారయ్యే టీలో అత్యధిక భాగం ఇదే. హైదరాబాద్ ఇరానీ చాయ్‌కి కూడా సన్నటి పొడే ప్రాణం. డికాషన్ ఒక పాత్రలో మూత కింద సన్నని సెగ మీద నానుతుంటే, పక్క పాత్రలో పాలు చిక్కబడుతుంటాయి. ఆ చాయ్‌ని ఆకు టీతో చేయబోవద్దు. ఆకు వృథా, చాయ్ కూడా రాదు.

ఆకు టీని ఆర్థడాక్స్ పద్ధతిలో చేస్తారు. కోసిన చిగురును గంటల తరబడి వాడబెట్టి, యంత్రంలో మెలిపెట్టి, గాలికి ఉంచి, రంగు మారాక వేడి గాలితో ఆరబెడతారు. ఆకు చాలావరకు ఆకుగానే మిగులుతుంది. వేడి నీళ్లలో నెమ్మదిగా విచ్చుకుంటుంది. రుచి కూడా నెమ్మదిగానే దిగుతుంది. గ్రీన్ టీ, బ్లాక్ టీ ఒకే మొక్క నుంచి వస్తాయి. గాలిలోని ఆక్సిజన్ ఆ ఆకు రసంతో ఎంతసేపు కలిసిందన్నదే ప్రధానమైన తేడా.

పాలు వద్దనుకుంటే ముందు నీలగిరి

కొత్తగా మొదలుపెట్టేవారికి అందరూ దార్జిలింగ్ చెబుతారు. నేను నీలగిరి చెబుతాను. కూనూరు, కోటగిరి, ఊటీ చుట్టుపక్కల కొండల మీద వెయ్యి మీటర్ల నుంచి రెండు వేల మీటర్లకు పైన దాకా పెరిగే ఈ ఆకుకు నైరుతి వానలూ దొరుకుతాయి, ఈశాన్య వానలూ దొరుకుతాయి. ఏడాది పొడవునా కోస్తారు కాబట్టి తాజా ఆకు ఎప్పుడూ బజారులో ఉంటుంది. ధర కూడా దార్జిలింగ్ అంత భయపెట్టదు.

రుచి తేటగా ఉంటుంది. పూల వాసన, ఒక్కోసారి నారింజ తొక్క వాసన, నాలుక మీద చురుకుదనం, వగరు తక్కువ. అన్నిటికన్నా నాకు నచ్చేది దీని ఓర్పు. నీళ్లు కాస్త ఎక్కువ వేడిగా ఉన్నా, ఒక నిమిషం ఎక్కువ నానినా ఇది వెంటనే చేదెక్కదు. ఇంకా చేయి కుదరని మనిషికి ఇలాంటి ఆకే కావాలి. మరో గుణం, చల్లారినా మసకబారదు. అస్సాం డికాషన్ ఫ్రిజ్‌లో పెడితే కెఫీన్, థియాఫ్లావిన్లు అనే రంగు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని మజ్జిగ తేటలా మబ్బుగా తయారవుతుంది. నీలగిరి అద్దంలా ఉండిపోతుంది. వేసవిలో నిమ్మరసం పిండి చల్లటి టీ చేసుకోవాలంటే దీనికి సాటి వచ్చేది మన దేశంలో లేదు. అమెరికాలో చల్లటి టీకి అలవాటుపడిన తెలుగువాళ్లు కూడా సంచుల టీ మాని ఒకసారి ఈ ఆకుతో చేసి చూడాలి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ కొండల మీద రాత్రిళ్లు మంచు గడ్డకట్టేంత చలి. అప్పుడు చిగురు నెమ్మదిగా పెరిగి వాసన చిక్కబడుతుంది. ఆ ఆకును ఫ్రాస్ట్ టీ పేరుతో అమ్ముతారు. మామూలు నీలగిరి నచ్చినవారు ఏడాదికి ఒకసారి ఇది తెప్పించుకోవచ్చు. అయితే ఒక జాగ్రత్త. నీలగిరిలోనూ సీటీసీ తయారీ చాలా ఎక్కువ. పొట్లం మీద “నీలగిరి” అన్న పేరు ఒక్కటే చూసి కొనకండి. ఆర్థడాక్స్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే ఇంటికి తెచ్చేది మీరు ఇప్పటికే వాడుతున్న గుళికలే.

దార్జిలింగ్: ఏ కోత అన్నదే అసలు సంగతి

1841లో డాక్టర్ ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్ దార్జిలింగ్‌లోని తన ఇంటి దగ్గర చైనా జాతి తేయాకు విత్తనాలు నాటాడు. పదిహేనేళ్లు తిరిగేసరికి అక్కడ వ్యాపార తోటలు మొదలయ్యాయి. చిన్న ఆకు, చలిని తట్టుకునే గుణం, తక్కువ దిగుబడి ఆ చైనా జాతి లక్షణాలు. దార్జిలింగ్ పేరుతో గుర్తింపు పొందిన తోటలు 87. వాటన్నిటి పంటా కలిపి ఇప్పుడు ఏడాదికి 60 లక్షల కిలోల అటూ ఇటూ. దేశం మొత్తం పంట 130 కోట్ల కిలోల చుట్టూ ఉంటుంది. అంటే వంద కిలోల టీలో అర కిలో కూడా దార్జిలింగ్‌ది కాదు. ధర అంత ఉండడానికి, నకిలీలు అన్ని ఉండడానికి ఇదే కారణం.

దార్జిలింగ్ అని ఒకే టీ లేదు. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా కోసేది ఫస్ట్ ఫ్లష్. చలికాలమంతా నిద్రపోయిన మొక్క వేసే తొలి చిగురు అది. దాన్ని బాగా వాడబెడతారు. అందువల్ల ఆక్సిజన్‌తో పూర్తిగా కలవదు. పొడి ఆకులో ఆకుపచ్చ ఛాయ మిగిలి ఉంటుంది. కప్పులో రంగు లేత బంగారం. పూల వాసన, పచ్చి చిగురు తాజాదనం, నాలుక చివర సన్నని వగరు. మన “స్ట్రాంగ్ టీ” అలవాటుతో తాగితే ఇది వేడి నీళ్లలా అనిపించవచ్చు. అందుకే మొదటిసారి దార్జిలింగ్ కొనేవారికి ఇది వద్దంటాను.

మే, జూన్ నెలల సెకండ్ ఫ్లష్ తీసుకోండి. రంగు రాగి ఛాయకు తిరుగుతుంది, రుచి నిండుగా ఉంటుంది. బాగా పండిన ద్రాక్ష, కొద్దిగా తేనె కలిసినట్టుండే వాసన ఒకటి వస్తుంది. దాన్నే మస్కటెల్ అంటారు. దాని వెనుక ఒక పురుగు ఉంది. పత్తి రైతులను ఏడిపించే పచ్చదోమకు దగ్గరి చుట్టమైన చిన్న కీటకం ఆ నెలల్లో చిగుళ్ల రసం పీలుస్తుంది. మొక్క తనను తాను కాపాడుకోవడానికి కొన్ని సుగంధ రసాయనాలను తయారుచేసుకుంటుంది. వాడబెట్టి మెలిపెట్టినప్పుడు అవే ఆ ద్రాక్ష వాసనగా బయటపడతాయి. పురుగు కుట్టిన ఆకుకు ఎక్కువ ధర పలికే పంట ఇంకోటి నాకైతే గుర్తుకు రావడం లేదు.

వానల్లో కోసిన ఆకు ముతకగా, చౌకగా ఉంటుంది. దాన్ని వదిలేయండి. అక్టోబరు, నవంబరు ఆకు మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోని మంచి బేరం. సెకండ్ ఫ్లష్ అంత ఘనంగా ఉండదు గానీ మెత్తగా, తియ్యగా, రోజూ తాగేలా ఉంటుంది. డబ్బు చూసుకుని ఖర్చుపెట్టేవారికి నా ఓటు దానికే.

నకిలీల మాట. 2004లో భౌగోళిక గుర్తింపు పొందిన తొలి భారతీయ ఉత్పత్తి దార్జిలింగ్ టీయే. పొట్లం మీద టీ బోర్డు ముద్ర ఉండాలి: గుండ్రటి చట్రంలో రెండాకులు, ఒక మొగ్గ పట్టుకున్న స్త్రీ బొమ్మ. తోట పేరు, ఏ కోత, ఏ ఏడాది అన్న వివరాలు కూడా ఉండాలి. సరిహద్దు అవతల నేపాల్‌లోని ఇలాం కొండల్లో దాదాపు ఇలాంటి ఆకే పండుతుంది, బాగుంటుంది కూడా. అది తన సొంత పేరుతో వస్తే సంతోషంగా కొనుక్కోవచ్చు. దార్జిలింగ్ పేరుతో, దార్జిలింగ్ ధరకు వస్తే మాత్రం మోసం.

పాలు పోయాలంటే అస్సాం

1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లాండ్ వర్తకుడు ఎగువ అస్సాంలో సింగ్‌ఫో తెగవారి దగ్గర అడవి తేయాకు మొక్కలను చూశాడు. వాళ్లు అప్పటికే ఆ ఆకును వాడుకుంటున్నారు. 1839 జనవరిలో అస్సాం టీ తొలిసారి లండన్ వేలానికి వెళ్లింది. చైనా జాతికన్నా ఆకు పెద్దది, రసం ఎక్కువ. బ్రహ్మపుత్ర లోయ పల్లపు నేల, కుండపోత వానలు, ఉక్కపోత దానికి తోడయ్యాయి. ఆ తోటల్లో పనికి బ్రిటిష్ కాలంలో గంజాం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలను కూడా తీసుకెళ్లారు. వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. అస్సాం టీ తాగేటప్పుడు ఈ సంగతి తెలిసి ఉండడం మంచిదని నా అభిప్రాయం.

రుచి గురించి చెప్పాలంటే, మొలకెత్తిన రాగులను ఎండబెట్టి దోరగా వేయించినప్పుడు వచ్చే వాసన గుర్తు తెచ్చుకోండి. సరిగ్గా అదే. ముదురు ఎరుపు రంగు, గొంతు నిండే బరువు. మే మధ్య నుంచి జూన్ దాకా కోసే సెకండ్ ఫ్లష్‌లో బంగారు రంగు మొగ్గలు ఎక్కువగా కనిపిస్తాయి, ఆ ఆకులో తీపి కూడా ఉంటుంది. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ టీలోని వగరు పదార్థాలను పట్టుకుని మెత్తబరుస్తుంది. దార్జిలింగ్‌లో ఆ వగరే సన్నగా ఉంటుంది కాబట్టి పాలు పడగానే ఏమీ మిగలదు. అస్సాంలో పాలు కొంత లాగేసుకున్నా ఇంకా బోలెడు మిగులుతుంది.

పాల టీ కోసం అస్సాంలో ముక్కలైన ఆకు, అంటే పొట్లం మీద బీఓపీ అని ఉండేది, పూర్తి ఆకుకన్నా మేలు. చౌక కూడా. బంగారు మొగ్గల ఖరీదైన ఆకును పాలు లేకుండా ఒక చెంచాడు చక్కెరతోనో, అదీ లేకుండానో తాగాలి.

శ్రీలంక, చైనా ఆకుల గురించి క్లుప్తంగా. 1867లో జేమ్స్ టేలర్ లూలెకొందెరలో వేసిన తోటతో సిలోన్ టీ వ్యాపారం మొదలైంది. తర్వాత తెగులు సోకి కాఫీ తోటలు నాశనమైతే ద్వీపమంతా తేయాకు వైపు మళ్లింది. నువారా ఎలియా ఆకు నీలగిరికి దగ్గరగా సుకుమారంగా ఉంటుంది. పల్లపు ప్రాంతాల ఆకు అస్సాంలా పాలను మోస్తుంది. చైనా కీమున్‌లో కోకో ఛాయ ఉంటుంది. లాప్సాంగ్ సూచాంగ్‌ను పైన్ కట్టెల పొగలో ఆరబెడతారు, కప్పులో ఆ పొగే ముందు పలకరిస్తుంది. అది నచ్చేవారికి ప్రాణం, నచ్చనివారు రెండో గుక్క తాగరు. ముందు మన మూడు ప్రాంతాలూ రుచి చూశాకే వీటి జోలికి వెళ్లండి.

పొట్లం మీది అక్షరాలకు దడుచుకోకండి

ఓపీ, ఎఫ్‌ఓపీ, టీజీఎఫ్‌ఓపీ, ఎస్‌ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ అంటూ అక్షరాలు పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. ఆ అక్షరాలు ఆకు పరిమాణాన్ని, అందులో మొగ్గలు ఎన్ని ఉన్నాయన్నదాన్ని చెబుతాయి. రుచికి హామీ ఇవ్వవు. నిరుటి పెద్ద ఆకుకన్నా ఈ ఏటి ముక్కాకు మెరుగు. పొట్లం మీద కోసిన కాలం లేకుండా అక్షరాలు మాత్రమే ఉంటే నేను కొనను.

విడిగా అమ్మే దుకాణంలో ఆకును అరచేతిలో పోసుకుని చూడండి. ముక్కలు ఒకే సైజులో ఉండాలి, కాడలు తక్కువ ఉండాలి, ఒకసారి వేడి ఊపిరి వదిలి వాసన చూస్తే పాత అట్టపెట్టె కంపు రాకూడదు. రంగు కలిపారన్న అనుమానం ఉంటే వడపోత కాగితాన్ని తడిపి దానిమీద కాస్త ఆకు చల్లండి. తర్వాత ఆకు తీసేసి కాగితాన్ని నీళ్లతో కడిగి వెలుతురులో చూడండి. గాఢమైన మరకలు వెంటనే పడితే అది కలిపిన రంగు.

కాచడం

ఇక్కడే ఎక్కువ ఆకు పాడవుతోంది, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. ఆకు టీని పొయ్యి మీద మరిగించకూడదు. నీళ్లు కాచి, పొయ్యి ఆపి, ఆకు మీద పోసి, మూతపెట్టి, సమయం కాగానే వడకట్టాలి. 200 మిల్లీలీటర్ల నీళ్లకు రెండు నుంచి రెండున్నర గ్రాములు. చెంచా కొలత నమ్మకండి. పెద్ద ఆకు తేలిక, గుళికలు బరువు, ఒకే చెంచాలో తూకం చాలా మారిపోతుంది. చిన్న తూకం యంత్రం ఒకటి కొనుక్కుంటే ఈ గొడవ శాశ్వతంగా తీరుతుంది.

దార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్‌కు 85 నుంచి 90 డిగ్రీల నీళ్లు, మూడు నిమిషాల లోపు. సెకండ్ ఫ్లష్‌కు 90 నుంచి 95 డిగ్రీలు, మూడు నాలుగు నిమిషాలు. నీలగిరికి 95 డిగ్రీలు, అంతే సేపు. అస్సాంకు తెర్లుతున్న నీళ్లే, నాలుగైదు నిమిషాలు. థర్మామీటర్ లేకపోతే, కాగిన అర లీటరు నీళ్లను మూత తీసి రెండు నిమిషాలు వదిలేస్తే సుమారు 90కి దిగుతాయి. చిక్కగా కావాలనిపిస్తే ఆకు పెంచండి, సమయం పెంచకండి. సమయం పెంచితే వచ్చేది చిక్కదనం కాదు, చేదు.

అస్సాంతో పాల టీ చేయాలంటే 150 మిల్లీలీటర్ల నీళ్లలో నాలుగు గ్రాముల ఆకు అయిదు నిమిషాలు నానబెట్టి, వడకట్టి, అప్పుడు 50 మిల్లీలీటర్ల వేడి పాలు కలపండి. పాలలోనే ఆకు వేస్తే సారం సరిగా దిగదు. అల్లం, యాలకులు వేయాలంటే ముందు నీళ్లలో మరిగించి, ఆ నీళ్లనే ఆకు మీద పోయండి.

నీళ్ల సంగతి ఎవరూ అడగరు, అసలు కీలకం అదే. హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో బోరు నీళ్లు గట్టివి. వాటిలోని కాల్షియం, బైకార్బొనేట్లు టీ పదార్థాలతో కలిసి పైన నూనె తెట్టులాంటి పొర కడతాయి. రంగు నల్లబడుతుంది, వాసన మూగబోతుంది. ఎంత ఖరీదైన దార్జిలింగ్ అయినా ఆ నీళ్ల ముందు ఓడిపోతుంది. లవణాలన్నీ తీసేసిన ఆర్‌ఓ నీళ్లతోనూ టీ చప్పగా వస్తుంది. ఆర్‌ఓ నీళ్లలో కొంచెం కుళాయి నీళ్లు కలిపి కాచి చూడండి, తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది.

పాత్రల కోసం పెద్దగా ఖర్చు అక్కర్లేదు. మూత ఉన్న స్టీలు గిన్నె, ఒక జాలీ చాలు. గొలుసుకు వేలాడే గుండ్రటి చిన్న బంతి మాత్రం కొనకండి. అందులో ఆకు విచ్చుకోవడానికి చోటుండదు. చల్లటి టీకి లీటరు చల్లని నీళ్లలో పది గ్రాముల నీలగిరి వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున వడకట్టండి. వేడి తగలదు కాబట్టి వగరు దాదాపు ఉండదు.

ఒక ఆరోగ్య సూచన. టీ భోజనంలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఆకుకూరలు, పప్పుల మీద ఆధారపడేవారికి ఇది మరీ ముఖ్యం. రక్తహీనత ఉన్నవారు అన్నం తిన్నాక కనీసం గంట ఆగి తాగాలి.

ఎంత కొనాలి, ఎప్పుడు కొనాలి

వంద గ్రాములకు నలభై కప్పులు వస్తాయి. పొట్లం 800 రూపాయలైతే కప్పు 20 రూపాయలు పడుతుంది. దార్జిలింగ్, నీలగిరి పూర్తి ఆకులను ఒక నిమిషం ఎక్కువ నానబెట్టి రెండోసారి కూడా కాచుకోవచ్చు, అప్పుడు లెక్క సగానికి వస్తుంది. ముక్కాకు, గుళికలు రెండోసారికి పనికిరావు.

మొదటిసారి కిలో కొనకండి. యాభై గ్రాముల నీలగిరి, యాభై గ్రాముల అస్సాం తెచ్చుకుని నెల రోజులు తాగండి. దార్జిలింగ్ సంగతి ఆ తర్వాత చూడవచ్చు. గాలి చొరని రేకు డబ్బాలో, మసాలా దినుసులకు దూరంగా, పొయ్యి పక్కన కాకుండా పెట్టండి. టీ ఆకు చుట్టూ ఉన్న వాసనలన్నీ పీల్చుకుంటుంది, ఇంగువ పక్కన పెడితే వారంలో ఇంగువ టీ తాగుతారు. ఫ్రిజ్‌లోనూ వద్దు, తేమ చేరుతుంది. ఫస్ట్ ఫ్లష్ ఆకు ఏప్రిల్, మే నెలల్లో తాజాగా వస్తుంది. ఆ ఏడాదిలోనే తాగేయాలి, మరుసటి వేసవికి దానిలో పూల వాసన ఉండదు. నీలగిరి చలికాలపు ఆకు కోసం ఫిబ్రవరి, మార్చిలో వాకబు చేయండి. అస్సాం సెకండ్ ఫ్లష్ జూలై తర్వాత బజారుకు వస్తుంది. జాగ్రత్తగా దాచుకుంటే అది మరుసటి ఏటి ఆకు వచ్చేదాకా బాగానే నిలుస్తుంది, కాబట్టి కాస్త ఎక్కువ కొన్నా నష్టం లేదు.